కూలివాని పార్టీ ఏది?

పల్లెల్లో ఇవాళ కూలివాణ్ణి అడుగుతున్న మొదటి ప్రశ్న ‘పనికొస్తావా?’ అని కాదు, ‘నీది ఏ పార్టీ?’ అని. పింఛను కాగితం పట్టుకుని వెళ్ళినా అదే ప్రశ్న, ఇంటి స్థలం అడిగినా అదే ప్రశ్న. గట్టు తగాదాలో పోలీసు స్టేషను మెట్లెక్కితే, ముందు ఆ సంగతి తేలాకే ఫిర్యాదు సంగతి. కొన్ని ఊళ్ళలో కుళాయి దగ్గర బిందెల వంతు కూడా జెండాల లెక్కన నడుస్తున్నది. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని వాళ్ళు ప్రతి పేటలోనూ పెరుగుతున్నారు. ‘ఆ పార్టీ మాది కాదు, ఈ పార్టీ మాది కాదు. మరి మాదేది?’ అని వాళ్ళు లోలోపల మథనపడుతున్నారు. పైకి అంటే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఈ బాధను మేము చిన్నదిగా చూడటం లేదు. కూలి రేట్ల మీద మీటింగు పెడితే ‘ఫలానావాళ్ళు వస్తే మేం రాం’ అనే మాట ఎదురవుతున్నది. ఒకే ముఠాలో పదేళ్ళు కలిసి నాట్లేసిన ఆడవాళ్ళు ఎన్నికల తర్వాత రెండు ముఠాలయ్యారు. వియ్యమందిన ఇళ్ళు పెళ్ళి పిలుపులు మానుకున్నాయి. కనుక ఇది ఎవరో ఒకరిద్దరి మనోవేదన కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కార్మికులు దాదాపు 1 కోటి 70 లక్షలమంది. ఇంత జనానికి తమదని చెప్పుకునే రాజకీయ గూడు లేకపోవడం ఎందువల్ల జరిగింది? దీనికి మార్గమేమిటి? ఈ రెండు ప్రశ్నల మీద మనం నింపాదిగా ఆలోచించవలసి ఉంది.

ఊరు రెండుగా చీలితే నష్టం ఎవరికి?

ముందు లెక్క చూద్దాం. 2019 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెసుకు శాసనసభలో 151 స్థానాలు వచ్చాయి, తెలుగుదేశానికి 23. 2024లో తెలుగుదేశం కూటమికి 164 వచ్చాయి, వైఎస్సార్ కాంగ్రెసుకు 11. సీట్లు చూస్తే ఓడినవాడు ఊడ్చుకుపోయినట్లే కనబడతాడు. కాని ఓట్లు చూడండి. 2019లో ఓడిన పార్టీకి నూటికి 39 ఓట్లు పడ్డాయి. 2024లో ఓడిన పార్టీకీ నూటికి 39 ఓట్లే పడ్డాయి. అంటే ఎవరు గెలిచినా రాష్ట్రంలో పదిమందిలో నలుగురు ఓడినవాళ్ళ వెనకాల ఉన్నట్లే లెక్క. ‘గెలిచినవాళ్ళదే ఊరు’ అనే రివాజు పెడితే అయిదేళ్ళకోసారి ఈ నలుగురూ తమ ఊళ్ళో తామే పరాయివాళ్ళు కావలసిందే. ఈసారి వాళ్ళు, వచ్చేసారి వీళ్ళు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019 సెప్టెంబరులో పల్నాడులోని ఆత్మకూరు నుంచి తెలుగుదేశం వైపున్న దళిత కుటుంబాలు ఊరొదిలి గుంటూరులో శిబిరంలో తలదాచుకోవలసి వచ్చింది. ఒక పార్టీ ‘చలో ఆత్మకూరు’ అన్నది, పోటీగా రెండో పార్టీ కూడా ‘చలో ఆత్మకూరు’ అన్నది. నాయకులు ఆత్మకూరుకు బయలుదేరుతున్నారు. ఆత్మకూరులో పుట్టిన కూలివాడు మాత్రం ఆత్మకూరు వెళ్ళలేకపోతున్నాడు! 2024 మే 13న పోలింగు రోజునా, ఆ తర్వాతా మాచర్ల, నరసరావుపేట, తాడిపత్రి ప్రాంతాల్లో దాడులు జరిగాయి. ఎన్నికల సంఘం పల్నాడు కలెక్టరును బదిలీ చేసింది, పల్నాడు, అనంతపురం జిల్లాల ఎస్పీలను సస్పెండు చేసింది. జూన్‌లో ఫలితాలు వచ్చాక ఊళ్ళు వదిలిపోవలసిన వంతు రెండో పక్షానిది అయింది. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్ళు విరిగాయన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

కేసులు ఎవరి మీద పడ్డాయో కూడా చూడాలి. కర్ర పట్టుకున్నవాడు, రాయి విసిరినవాడు ఎక్కువగా పేటలవాడు, కాలనీవాడు. వాయిదాలకు కోర్టుల చుట్టూ తిరుగుతున్నదీ వాడే. వాయిదా రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ నెత్తిన పడుతుంది, వకీలు ఫీజుకు అప్పు పుడుతుంది. కర్ర చేతికిచ్చినవాడికి బెయిలు అవసరమే రాదు.

పంచిపెట్టే చెయ్యి

కూలివాడు ఇలా పార్టీకి కట్టుబడిపోవడానికి కారణం ఉంది. వాడు అమాయకుడు కాదు. బియ్యం, పింఛను, ఇల్లు, ఉపాధి పని, ఆసుపత్రి కార్డు - ఇవన్నీ చట్టం ప్రకారం వాడికి రావలసినవే. అయితే వాటిని అందించే చెయ్యి పార్టీ చెయ్యి అయింది. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు పెట్టారు. పింఛనుకు ఎవరు అర్హులో ఆ కమిటీ చెప్పాలి. 2019 ఆగస్టులో ఆ కమిటీలు పోయి, 50 ఇళ్ళకొక వాలంటీరు వచ్చాడు. 2024లో వాలంటీర్లూ పోయారు. మనుషులు మారారు, పద్ధతి మారలేదు. ‘మావాడైతే రాయి, కానివాడైతే ఆపు’ అనేదే ఆ పద్ధతి. ఉపాధి పనుల్లో ఫీల్డ్ అసిస్టెంటు మారడం ప్రభుత్వం మారిందనడానికి గుర్తయింది. అందుచేత కూలివాడు జెండా మోయడం అభిమానం కొద్దీ మాత్రమే కాదు, అన్నం కొద్దీ కూడా. ఆ సంగతి గుర్తించకుండా ‘మీకు చైతన్యం లేదు’ అని కూలివాణ్ణి తిట్టేవాళ్ళకు పల్లె తెలియదు.

అలాగని పార్టీల పోటీ వల్ల పేదలకు ఒరిగింది ఏమీ లేదని కూడా మేము అనం. అది అబద్ధమవుతుంది. పింఛను 2014లో వెయ్యి రూపాయలయింది. 2019 ఎన్నికల ముందు 2 వేలయింది. 2024 జనవరిలో 3 వేలు, అదే సంవత్సరం జూలైలో 4 వేలు అయింది. కొడుకులు చూడని ముసలితల్లి నెల తిరిగేసరికి మందుబిళ్ళ కొనుక్కుంటున్నదంటే అది ఈ పింఛనుతోనే. దీన్ని ‘ఉచితాలు’ అని ఎగతాళి చేసే పెద్దమనుషులతో మనకు పొత్తు లేదు.

కాని ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించాలి. పార్టీలు పోటీపడి పెంచినవన్నీ ఖజానా నుంచి ఇచ్చేవి. భూమిగలవాడి జేబులో నుంచి రావలసినవి ఉన్నాయి చూడండి - కూలి రేటు, ఆడామగా సమాన కూలి, కౌలు తగ్గింపు, మిగులు భూమి పంపకం - వాటి మీద మాత్రం పోటీ లేదు. అక్కడ రెండు జెండాలదీ ఒకే మౌనం. 1973లో భూపరిమితి చట్టం చేశారు. కోనేరు రంగారావు గారి భూమి కమిటీ 2006లో 104 సిఫార్సులు చేసింది. ఆ తర్వాత కాంగ్రెసు పాలించింది, తెలుగుదేశం పాలించింది, వైఎస్సార్ కాంగ్రెసు పాలించింది, మళ్ళీ తెలుగుదేశం పాలిస్తున్నది. ‘ఆ సిఫార్సులు మేం పూర్తిగా అమలు చేస్తాం, మీరు చేయలేదు’ అని వీళ్ళలో ఎవరైనా ఎవరినైనా నిలదీసిన ఎన్నిక ఒక్కటుందా? 2011 చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇస్తామన్నది. 2019 చట్టం భూయజమాని సంతకం చేస్తేనే 11 నెలల పత్రం అన్నది. సంతకం పెట్టే యజమాని ఎవరు? తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికే దక్కింది. దున్నే కౌలుదారుకు లేదు, కూలివాడికి అసలే లేదు. భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే పథకం మొదలు కావడానికి 2025 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. అదీ ఉపాధి పనికి కనీసం 20 రోజులు పోయినవాళ్ళకే.

ఎందుకిలా? కారణం రహస్యమేమీ కాదు. ఊళ్ళో మోతుబరి కుటుంబాన్ని చూడండి. అన్న ఒక పార్టీలో ఉంటాడు, తమ్ముడు రెండో పార్టీలో ఉంటాడు. మిరప కోతల ముందు కూలి రేటు కట్టడి చేయడానికి మాత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. ‘ఇంతకు మించి ఇచ్చినవాడికి తప్పు’ అని తీర్మానం చేసుకునేటప్పుడు ఎవరి మెడలో ఏ కండువా ఉందో ఎవరూ చూడరు. వాళ్ళకు పార్టీ రెండు, ప్రయోజనం ఒకటి. మనకు ప్రయోజనం ఒకటే, పార్టీలు మాత్రం రెండయ్యాయి. తేడా అంతా ఇక్కడే ఉంది.

రాజధానిలో కూలివాడు

ఈ మాటకు అమరావతి కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. 2015లో 29 గ్రామాల్లో దాదాపు 34 వేల ఎకరాలు భూసమీకరణ కింద తీసుకున్నారు. అరటి, కూరగాయలు, పూలు, పత్తి పండిన నేలలవి. ఏడాది పొడుగునా పని దొరికిన నేలలు. భూమిచ్చిన రైతుకు ప్లాట్లు ఇస్తామన్నారు. మెట్ట ఎకరానికి ఏటా 30 వేలు, జరీబు ఎకరానికి ఏటా 50 వేలు కౌలు, ఏడాదికింత చొప్పున పెంపు. మరి భూమిలేని కూలి కుటుంబానికి? నెలకు 2,500 రూపాయలు. ఏడాదికి లెక్కగట్టండి: 30 వేలు. అంటే నలుగురైదుగురున్న కూలి కుటుంబం మొత్తాన్ని ఒక మెట్ట ఎకరంతో సమానం కట్టారన్నమాట. ఆ ఎకరానికి ప్లాటు ఉంది, ఏటా పెంపు ఉంది. ఈ కుటుంబానికి రెండూ లేవు. ఆ మొత్తం ఏళ్ళ తరబడి పెరగలేదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. రైతులు రోడ్డెక్కారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. మాట నమ్మి భూమిచ్చినవాణ్ణి మధ్యలో వదిలేయడం ప్రభుత్వం చేయవలసిన పని కాదు. అప్పుడు కూలివాడి పరిస్థితి ఏమిటి? రాజధాని కట్టమంటే పొలం పని పోయిందాయె. వద్దంటే కట్టుబడి పని కూడా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. 2023 మే 26న అక్కడే సుమారు 50 వేలమంది పేద ఆడవాళ్ళకు సెంటు చొప్పున ఇళ్ళ పట్టాలు పంచారు. రాజధాని రైతులు కోర్టుకెళ్ళారు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ళ నిర్మాణం ఆపమన్నది. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. ఆ సెంటు భూముల్లో ఇళ్ళు లేవలేదు.

ఇక్కడ మనం అడగవలసిన ప్రశ్న ఒకటే. పేదవాడికి ఇల్లు ఇవ్వాలన్నదే ఉద్దేశమైతే తగాదా లేని చోట ఇవ్వడానికి ఎవరు అడ్డం పడ్డారు? ‘రాజధాని అందరిదీ’ అన్నది నిజమైతే ఆ రాజధానిలో పేదవాడి గుడిసెకు చోటెందుకు బరువయింది? ఒకరు పేదవాణ్ణి ఎదుటివాడి మీద విసిరే రాయిగా వాడుకున్నారు. మరొకరు ఆ రాయిని తీసి అవతల పారేయాలన్నారు. మనిషిగా వాణ్ణి చూసినవాళ్ళెవరు?

నెత్తురు కూడా ఈ సంగతే చెప్పింది

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. అప్పుడు అధికారంలో తెలుగుదేశం ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. అప్పుడు అధికారంలో కాంగ్రెసు ఉంది. చుండూరు కేసులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ప్రభుత్వాలు మారినా పేట మీద పడ్డ చెయ్యి మారలేదు. అయితే ఆ రెండు సందర్భాల్లోనూ జరిగిన ఇంకో విషయం మరువరానిది. కారంచేడు బాధితులు చీరాలలో, చుండూరు బాధితులు తెనాలిలో శిబిరాలు పెట్టుకుని నిలబడ్డారు. పార్టీలు పలకరించడానికి వచ్చాయి, పోయాయి. నిలబెట్టింది మాత్రం వాళ్ళ కట్టే. ‘మేం ఒకటి’ అని ఒక్క గొంతుతో అన్న తర్వాతే ప్రభుత్వాలు దిగివచ్చి మాట్లాడాయి. ఏ పార్టీ తలుపు దగ్గరా చోటు దొరకనివాడు ఏం చేయాలో ఆ శిబిరాలు చూపించాయి.

ఎర్రజెండాను అడుగుతున్న ప్రశ్న

ఈ సందర్భంలో కూలిజనం మమ్మల్ని కూడా ఒక ప్రశ్న అడుగుతున్నారు. ‘మీరూ 1985లో, 1994లో తెలుగుదేశంతో కలిశారు. 2004లో కాంగ్రెసుతో, 2009లో మళ్ళీ తెలుగుదేశంతో, 2019లో జనసేనతో, 2024లో కాంగ్రెసుతో పోటీకి దిగారు. 2014 నుంచి మూడు ఎన్నికల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎర్రజెండా ఎమ్మెల్యే ఒక్కరూ గెలవలేదు. గెలవని ఇంటికి మేం రావడమెందుకు?’ అంటున్నారు. ఇది దాటవేయవలసిన ప్రశ్న కాదు. అడిగే హక్కు వాళ్ళకుంది.

మా జవాబు ఇది. ఎన్నికల్లో ఎవరు ఎవరితో కలవాలన్నది పార్టీల సంగతి. దాని మంచిచెడ్డలు బహిరంగంగా చర్చించండి, తప్పు లేదు. కూలి సంఘం సంగతి వేరు. సంఘంలో చేరడానికి ఓటు ఎవరికి వేశావని అడగరు, అడగకూడదు. అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య గారు వ్యవసాయ కూలీలను కూడగట్టిన 1930ల నాటికి ఆ కూలీల్లో చాలామందికి ఓటు హక్కే లేదు. ఓటు లేనినాడు కూడా కూలి పెంచమని అడగగలిగారంటే బలం ఎక్కడుందో తెలుస్తున్నది. శాసనసభలో సీటు ఉంటే మేలు; లేకపోతే నాట్ల నాడు గట్టు మీద కూర్చునే బలం పోదు. నారు ముదిరిపోతుంటే రైతుకు మన ఎమ్మెల్యే ఎవరో గుర్తుకు రాదు, మన చేతులే గుర్తుకొస్తాయి.

2005 ఉపాధి హామీ చట్టాన్నే తీసుకోండి. వామపక్షాల మద్దతు మీద కేంద్ర ప్రభుత్వం ఆధారపడి ఉన్న రోజుల్లో వచ్చింది. దేశమంతటా ప్రజాసంఘాలు పోరితే వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. పని అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నది ఆ చట్టం. ఎండాకాలంలో చెరువు మట్టి పని ఉన్నందువల్లే మోతుబరి చెప్పిన రేటుకు ‘రాం’ అనే ధైర్యం మన ఆడవాళ్ళకు వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. 125 రోజులు అన్నది, బాగానే ఉంది. అయితే మన వంటి రాష్ట్రాలు ఖర్చులో నూటికి 40 వంతులు భరించాలన్నది. విత్తే కాలం, కోసే కాలం చూసి ఏడాదిలో 60 రోజులదాకా పనులు ఆపవచ్చన్నది. ఆ 60 రోజులు ఎవరికి పనికొస్తాయి? కూలివాడు బేరం ఆడగలిగే రోజులవే. ఆ రోజుల్లోనే ప్రభుత్వ పని మూసేస్తే మోతుబరి చెప్పిందే రేటు. ఈ దెబ్బ తెలుగుదేశం కూలికి ఒకలాగ, వైఎస్సార్ కాంగ్రెసు కూలికి ఒకలాగ తగలదు. ఇద్దరి డొక్కా ఒకేలా ఎండుతుంది.

గోడమీది పిల్లులం కావాలా?

అలాగైతే ఏ పార్టీకీ కాకుండా గోడమీద కూర్చోమంటారా అని కొందరు అడుగుతున్నారు. కాదు. గోడమీది పిల్లి ఎటు పాలుంటే అటు దూకుతుంది. మనం చెప్పేది అది కాదు. రాజకీయాలు మనకొద్దని ముడుచుకుని కూర్చోవడం కూడా కాదు. మనం వద్దన్నంత మాత్రాన రాజకీయాలు మనల్ని వదలవు. రేషను సంచిలో, మస్టరులో, పట్టా కాగితంలో అవి ఉండనే ఉన్నాయి. ఓటు ఎవరికైనా వేయండి, ఆలోచించి వేయండి. కాని ఓటుతోపాటు మీ పేటను, మీ ముఠాను, మీ చుట్టరికాన్ని కూడా మూటగట్టి ఇచ్చేయకండి. ఓటు అయిదేళ్ళకొక రోజు పని. కూలి రోజూ పని.

కనుక ప్రతి గ్రామంలో మన కార్యకర్తలు, కూలి సోదరులు, అక్కచెల్లెళ్ళు కలిసి ఈ కింది పనులు చేపట్టాలని కోరుతున్నాం.

ఒకటి. కూలి రేటు మాట్లాడే రోజున పేట మొత్తం ఒకటిగా కూర్చోవాలి. ఆ సభకు ఏ పార్టీ కండువా వేసుకుని రాకూడదు, ఎర్ర కండువాతో సహా. 

రెండు. ఎవరి పార్టీ ఓడినా వాళ్ళను పనికి పిలవడం మానకూడదు, నీళ్ళ దగ్గర ఆపకూడదు. చావుకూ పెళ్ళికీ పిలుపు తప్పకూడదు. ఊరొదిలిపోయిన కూలి కుటుంబం ఏ పార్టీదైనా, దాన్ని తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత ముందుగా అవతలి పార్టీ కూలీలు తీసుకోవాలి. అది చేసినవాడే అసలైన సంఘస్థుడు.

మూడు. నాయకుల తగాదాలో సాక్షి సంతకాలు పెట్టవద్దు, కర్రలు పట్టవద్దు. ‘ముందు మీ కొడుకును పంపండి, తర్వాత మేమొస్తాం’ అని చెప్పండి.

నాలుగు. ఉపాధి పనికి ఒక్కొక్కరుగా ఎవరి నాయకుడి వెంట వాళ్ళు పోకుండా, అందరి పేర్లతో దరఖాస్తు రాసి తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. పింఛను, ఇంటి స్థలం జాబితాలు గ్రామసభలో పైకి చదివించాలి. అర్హుడైన అవతలి పార్టీవాడి పేరు లేకపోతే ఇవతలివాడే లేచి అడగాలి.

ఐదు. ఎన్నికలొచ్చినప్పుడు కూలి రేటు, సమాన వేతనం, కౌలు, భూమి, ఇల్లు, ఉపాధి పని - ఈ ఆరు అంశాల కాగితం అందరు అభ్యర్థులకూ ఒకేలా ఇచ్చి, వాళ్ళ జవాబులు పేటలో చదివి వినిపించాలి.

ఇవి పెద్ద పెద్ద పనులేమీ కావు. వీటికి డబ్బు అక్కర్లేదు. కాస్త గుండె దిటవు, కాస్త ఓర్పు కావాలి. ఏటా కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వచ్చే కుటుంబాలను చూడండి. పరాయి ఊరి పొలంలో పరదాలు కట్టుకుని నెలల తరబడి ఉంటాయి. అక్కడ వాళ్ళకు ఓటు లేదు, పార్టీ లేదు, తెలిసిన నాయకుడు లేడు. బేరం కుదరకపోతే ముఠా అంతా ఒక్క మాట మీద సంచులు కింద పెడుతుంది. ఆ ఒక్క మాటే వాళ్ళ ఇల్లు. సొంత ఊళ్ళో ఉన్న మనకు ఆ ఒక్క మాట లేకపోతే, మూడు పార్టీల కార్డులు జేబులో ఉన్నా మనం ఇల్లు లేనివాళ్ళమే.

మళ్ళీ ‘నీది ఏ పార్టీ?’ అని ఎవరైనా అడిగితే తలదించుకోనక్కర్లేదు, అబద్ధం చెప్పనక్కర్లేదు. ‘ఓటు సంగతి నా ఇష్టం. నేను కూలోళ్ళ పక్షం. ఈ ఏడు నాట్లకు ఎంతిస్తావో ముందు చెప్పు’ అని అడగండి. ఆ మాట పేటలో ఒక్కడు అంటే పొగరంటారు. పదిమంది అంటే గొడవంటారు. పేటంతా అంటే కూర్చోబెట్టి మాట్లాడతారు.